కరెంటు బిల్లు చేతికొచ్చాక మీటరు దగ్గర ఏం చూడాలి

(కోనసీమలో ఒక ఊరి గ్రంథాలయంలో రిటైరైన ఐటీఐ ఎలక్ట్రికల్ మాస్టారు ఒకరు మాట్లాడిన మాటలు. ఫోన్‌లో రికార్డు చేసి ఉన్నదున్నట్టు రాశాం.)

అందరికీ నమస్కారమండి. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, వెనకాల కూర్చున్నోళ్ళకి మాట వినపడట్లేదంట. ఆఁ, చాలు.

లైబ్రేరియన్ గారు నన్ను ఎందుకు పిలిచారంటే, మొన్న వేసవిలో ఊళ్ళో చాలామంది బిల్లు పట్టుకుని మా అరుగు మీదకి వచ్చారండి, మాస్టారూ ఇది చూడండి, పోయిన నెల ఐదొందలు, ఈ నెల పదిహేనొందలు, మీటరు పరిగెడుతోంది, మార్పించెయ్యాలి అని. ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే బదులు అందరికీ ఒకేసారి చెబుదాం అని సరే అన్నాను. ముప్ఫై ఏళ్ళు వైరింగు నేర్పాను కానీ ఇవాళ నేను చెప్పేదానికి వైరింగు రానక్కర్లేదండి, అంకెలు చదవడం, తీసివేత లెక్క వస్తే చాలు.

బిల్లు రాగానే మన కళ్ళు కింద ఉన్న మొత్తం మీదకి పోతాయి, అది ఆఖర్న చూడాల్సింది. ముందు యూనిట్లు ఎన్ని, ఎన్ని రోజులకి, ఈ రెండూ చూడండి. ఎందుకంటే యూనిట్లు పెరిగినంతే రూపాయలు పెరగవు, ఇంకా ఎక్కువ పెరుగుతాయి. మన రాష్ట్రంలో ఇళ్ళకి 2022 ఆగస్టు నుంచి ఈఆర్సీ, అంటే కరెంటు రేట్లు నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలి, పెట్టిన శ్లాబులు ఎలా ఉన్నాయంటే, మొదటి 30 యూనిట్లకి 1.90, అక్కణ్ణుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆపైన 9.75. బోర్డు మీద వేస్తాను చూడండి. ఒకింట్లో 130 యూనిట్లు కాలాయి అనుకోండి, 57, 135, 225, మిగిలిన ఐదుకి 30, మొత్తం 447 రూపాయలు. అదే ఇంట్లో 260 కాలితే? 1,323 రూపాయల 25 పైసలు. యూనిట్లు రెండింతలే, డబ్బులు మాత్రం ఇంచుమించు మూడింతలు. అందుకని "మూడు రెట్లు వాడామా మేము" అని కోపం తెచ్చుకోకండి, మూడు రెట్లు వాడలేదు, రెండు రెట్లు వాడారు, అదీ మీరే వాడారో వేరే ఏదన్నా వాడిందో తర్వాత చూద్దాం.

రోజులు ఎందుకు చూడమన్నానంటే, ఇల్లు తాళం వేసి ఉంటే ఆ నెల పాత సగటు మీద బిల్లు ఇస్తారు, తర్వాత నెల తలుపు తీసి ఉంటే అప్పుడు అసలు రీడింగ్ తీస్తారు. అప్పుడు ఆ 260 యూనిట్లు అరవై రోజులవి. రెండు నెలలకి చెరో 130 పంచితే 894 అవ్వాలి, పంచకుండా ఒక్క నెలకే వేస్తే 1,323 అవుతుంది, అంటే 429 రూపాయల తేడా. 2020 లాక్‌డౌన్‌లో గుర్తుందా, రీడింగ్ తియ్యడానికి ఎవరూ రాలేదు, తర్వాత మే నెలలో బిల్లులు చూసి జనం ఎంత గోల పెట్టారో. కాబట్టి పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ బిల్లు మీదే ఉంటాయి, వేళ్ళ మీద లెక్కపెట్టండి. రోజులు ఎక్కువుంటే ఆఫీసుకి వెళ్ళి నెలలకి పంచారా లేదా అని అడగండి.

ఇక బిల్లులో ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, యూనిట్‌కి ఆరు పైసల సుంకం, ఇవి పెద్దవేం కాదు. తికమక పెట్టేవి ట్రూ అప్, ఇంధన సర్దుబాటు అని ఉంటాయే అవి, కరెంటు కంపెనీకి అనుకున్నదానికన్నా ఎక్కువైన ఖర్చుని తర్వాత మన దగ్గర వసూలు చేసేవి. అవి ఈ నెల యూనిట్ల మీద కాదండి, వెనకటి నెలల్లో వాడినవాటి మీద వేస్తారు. ఏసీ ఆపేసి రెండు నెలలైనా బిల్లు తగ్గలేదేంటి అంటే, ఎండల్లో వాడినదానికి సర్దుబాటు ఇప్పుడు వస్తుండొచ్చు. ఇంకోటి ఏసీడీ అని నోటీసు వస్తుంది, అది డిపాజిట్టు, రెండు నెలల వాడకానికి సరిపడా డిపాజిట్టు మన పేరున ఉండాలి కనక వాడకం పెరిగినోళ్ళని మిగతాది కట్టమంటారు. అది చార్జీ కాదు, మన డబ్బే, దాని మీద వడ్డీ కూడా బిల్లులో తగ్గిస్తారు.

సరే, ఇప్పుడు మీటరు దగ్గరికొద్దాం. పాత మీటర్లలో అల్యూమినియం చక్రం తిరిగేది, అందరికీ అర్థమయ్యేది. ఇప్పటి మీటరు స్క్రీన్ మీద అంకెలు మారిపోతూ ఉంటాయి, ఒకసారి తేదీ, ఒకసారి టైము, ఒకసారి వోల్టేజి, ఒకసారి ఆంప్స్, ఎండీ అని ఒకటి. చాలామంది ఏది కనపడితే అది రాసేసుకుంటారు. మనక్కావల్సింది పక్కన కేడబ్ల్యూహెచ్ (kWh) అని ఉన్న అంకె ఒక్కటే. అచ్చం అలాగే కేవీఏహెచ్ (kVAh) అని ఇంకోటి వస్తుంది, మధ్యలో ఒక అక్షరం ఎక్కువుంటుంది, అది ఎప్పుడూ కొంచెం పెద్దంకె ఉంటుంది, ఇళ్ళ బిల్లు దాని మీద కాదు. చుక్క తర్వాత ఉన్న అంకె యూనిట్‌లో పదో వంతు, దాన్ని కలిపి చదివితే నాలుగు వేలు కాస్తా నలభై వేలవుతుంది. ఎండీ అంటే ఆ నెలలో ఎప్పుడైనా ఒకేసారి ఎంత లోడు లాగారో అది, మీరు రాయించుకున్న కిలోవాట్ల కన్నా అది ఎక్కువుంటే లోడు పెంచుకోమని నోటీసు వస్తుంది, అంతవరకే.

మా వీధి చివర పిన్నిగారు ఒకావిడ ఉన్నారండి, ఒంటరి మనిషి, రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్జు, టీవీ. ఆవిడకి 2,600 పైచిలుకు బిల్లొచ్చింది. పాపం ఆవిడ నా దగ్గరికి వచ్చేసరికి కళ్ళమ్మట నీళ్ళు, పింఛను డబ్బులు దీనికే పోతాయి బాబూ అని. ఆవిడకి ఒక మంచి అలవాటుంది, పాల లెక్క క్యాలెండర్ మీద రాస్తారు, రీడింగ్ తీసే అబ్బాయి వచ్చిన రోజు గడిలో మీటరు అంకె కూడా రాస్తారు. పాత గడిలో 4402, కొత్త గడిలో 4512. బిల్లు మీద చూస్తే 4812. ఐదు బదులు ఎనిమిది పడింది, అంతే. 110 యూనిట్లు 410 అయ్యాయి, 349 రూపాయల 50 పైసలు అవ్వాల్సింది 2,645 రూపాయల 75 పైసలు అయ్యింది. మామూలుగా రీడింగ్ పరికరం పెట్టి మీటరు నుంచే లాగుతారు, అది పట్టనప్పుడు చేత్తో కొడతారు, అక్కడ పొరపాటు జరుగుతుంది. మర్నాడు మీటరు ఫోటో తీసి, తీసేటప్పుడు మీటరు నంబరు కూడా పడేలా తీసి, క్యాలెండర్ పేజీతో సహా సెక్షన్ ఆఫీసుకి తీసుకెళ్ళాం. బిల్లు మార్చిచ్చారండి. వాదించాల్సిన పని లేకపోయింది, ఎందుకంటే ఫోటో తీసిన రోజు కూడా మీటరు ఇంకా 4520 దగ్గరే ఉంది, బిల్లులో ఉన్న 4812కి అది చేరనే లేదు. ఆ గడిలో రాసిన నాలుగంకెలే ఆవిణ్ణి కాపాడాయి. నేను ఇవాళ మీకు ఒక్కటే చెప్పాలనుకుంటే ఇదే చెబుతాను, రాసుకోండి. రోజూ ఒకే టైముకి, పొద్దున్న ఆరింటికో ఎప్పుడో, మీటరు అంకె రాసుకోండి. పది రోజులు రాస్తే మీ ఇంటి సంగతి మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు రీడింగ్ కరెక్టే, రోజులు కరెక్టే, యూనిట్లు నిజంగానే పెరిగాయి, కానీ మేమేం కొత్తగా కొనలేదు అంటారు చూడండి, అదీ అసలు సంగతి. ఇది మా ఇంట్లోనే జరిగింది, అది చెబుతాను.

వైశాఖమాసంలో మా ఇంటికి బిల్లు 130 యూనిట్ల నుంచి 260కి ఎక్కింది. ఏసీ లేదు మాకు. నేను రాయడం మొదలుపెట్టాను, పొద్దున్న, సాయంత్రం. రాత్రి పడుకున్నాక కూడా అంకె కదులుతోంది, పగలూ అంతే కదులుతోంది. అంటే మనుషుల అలవాటుతో సంబంధం లేని లోడు ఏదో ఉంది. ఒక రాత్రి పదిగంటలకి అన్నీ ఆపేశాను, ఫ్రిజ్జు ప్లగ్గు తీశాను, ఇన్వర్టర్ ప్లగ్గు తీశాను, గదుల ఎంసీబీలు, అంటే బోర్డులో ఫ్యూజుల బదులు ఉండే స్విచ్చులు, అన్నీ కిందకి వేశాను. టార్చి పట్టుకుని మీటరు దగ్గర కూర్చున్నాను. మీటరు మీద చిన్న ఎర్రలైటు ఉంటుంది, కరెంటు వాడే కొద్దీ కొట్టుకుంటుంది. దాని పక్కనే 3200 అని రాసుంటుంది, కొన్నిటికి వేరే అంకె ఉంటుంది, 3200 అంటే ఆ లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అన్నమాట. ఇల్లంతా ఆపితే అది ఆగిపోవాలి. ఆగలేదండి. ఆరేడు సెకన్లకోసారి టక్కుమని వెలుగుతోంది. 

3200 మీటరుకి లెక్క ఏంటంటే 1125ని ఆ సెకన్లతో భాగించండి, వాట్లు వస్తాయి. ఆరు సెకన్లంటే 187 వాట్లు, ఏడంటే 160. రోజుకి నాలుగు యూనిట్ల పైన, నెలకి సుమారు 125. నా బిల్లులో ఎక్కువొచ్చింది ఎంత, 130. చీకట్లో కూర్చుని ఆ లెక్క సరిపోయాక నాకు ఒళ్ళు జల్లుమంది, ఎందుకంటే ఇంట్లో ఏమీ నడవకుండా అంత కరెంటు పోతోందంటే అది ఎక్కడో నేలలోకి పోతోంది.

మెయిన్ పక్కనే పెరట్లో మోటారుకి వెళ్ళే లైనుకి వేరే కిట్‌క్యాట్ ఫ్యూజు ఉంది, అది పీకాను. లైటు ఆగిపోయింది.

మా ఫిల్టర్ పాయింటు, అదే నేలలోంచి నీళ్ళు తోడే గొట్టపు బావి, దొడ్లో ఉంటుంది, మోటారు ఆన్ చేసే స్టార్టర్ కూడా అక్కడే పాకలో బిగించాం. అంటే ఇంటి నుంచి అక్కడిదాకా భూమిలో వేసిన వైరులో, మోటారు ఆపినా సరే, ఇరవైనాలుగ్గంటలూ కరెంటు ఉంటుంది. ఆ వైరు పీవీసీ గొట్టంలో కొబ్బరిచెట్టు పక్కనుంచి పోతుంది, స్నానాలగది నీళ్ళు ఆ చెట్టు పాదులోకే పోతాయి, అక్కడ నేల ఎప్పుడూ చిత్తడిగా ఉంటుంది. మర్నాడు మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ అబ్బాయి చేత తవ్విస్తే, చెట్టు వేళ్ళు గొట్టాన్ని నొక్కి పగలగొట్టాయి, వైరు తొడుగు రెండంగుళాల మేర నల్లగా మెత్తబడి ఊడిపోయి ఉంది.

ఇంకొక మాట చెప్పాలి మీకు. మా పాలేరు నెల రోజుల ముందు నుంచీ అంటున్నాడు, ఆ చెట్టుకి దూడని కడితే ఉండట్లేదండి, తాడు తెంపుకోవాలని చూస్తోంది, పడుకోవట్లేదు అని. ఈగలేమో అనుకున్నాం. ఈగలు కాదు. నేలలోకి కరెంటు దిగుతున్న చోట రెండడుగుల దూరానికే వోల్టేజి తేడా ఉంటుంది, పశువుకి ముందుకాళ్ళకీ వెనకకాళ్ళకీ దూరం ఎక్కువ కనక మన కన్నా దానికి ముందు తెలుస్తుంది. మా మనవరాలు చెప్పుల్లేకుండా ఆ పాదు చుట్టూ ఆడుకునేదండి. బిల్లు పెరగబట్టి తెలిసింది మాకు. అందుకనే బిల్లు ఎక్కువొస్తే తిట్టుకుని కట్టేసి ఊరుకోవద్దు అని ఇంత గట్టిగా చెబుతున్నాను. డబ్బులు పోతున్న దారీ, ప్రాణం మీదకి తెచ్చే దారీ చాలాసార్లు ఒకటే ఉంటుంది. ఇప్పుడు స్టార్టర్ ఇంటి గోడకి మార్చాం, మోటారు ఆపితే వైరు చచ్చిపోతుంది, మెయిన్ దగ్గర 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించాం, ఆ స్విచ్చు ఇలా లీకయితే వెంటనే దానంతటదే పడిపోయి కరెంటు ఆపేస్తుంది. మన డెల్టా నేల నాలుగడుగులు తవ్వితే నీళ్ళు వస్తాయి, వర్షాకాలంలో గోడలే చెమ్మ పడతాయి, సముద్రం వారన ఊళ్ళలో ఉప్పుగాలికి టెర్మినళ్ళు పచ్చగా చిలుం పడతాయి. ఆర్‌సీసీబీ లేని ఇల్లు మన దగ్గర ఉండకూడదండి.

(సభలో ఒకరు: మాస్టారూ, మాది కింద పోర్షన్ అద్దెకిచ్చాం, పైన మేముంటాం, రెండు మీటర్లు. మేము ఊరెళ్ళినా మా మీటరు తిరుగుతోంది.)

అది ఇంకో రకమండి, మంచి ప్రశ్న. ఇప్పటి మీటర్లు చాలావాటిలో ఫేజు వైరులో పోయే కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటు రెండూ కొలుస్తారు, దొంగతనం జరక్కుండా రెండింట్లో ఏది ఎక్కువుంటే దాన్ని లెక్కేస్తుంది. రెండూ సమానం కాకపోతే ఎర్త్ అని రాసున్న రెండో లైటు వెలుగుతుంది. మెట్ల లైటు వేసినప్పుడో ఇన్వర్టర్ పెట్టినప్పుడో పనోడు రెండు పోర్షన్ల న్యూట్రల్ కలిపేస్తే, కింద వాళ్ళ గీజరు కరెంటులో కొంత మీ న్యూట్రల్ మీదుగా తిరిగొస్తుంది, మీ మీటరు దాన్ని మీ ఖాతాలో రాస్తుంది. ఇలా చూడండి, మీ ఎంసీబీలు ఆపేసి మీటరు లైటు కొట్టుకుంటుంటే, కింద వాళ్ళని మెయిన్ ఆపమనండి, ఆగిందా, అంతే, దొరికింది. మీటరు మార్చినా ఇది పోదు, న్యూట్రల్స్ విడగొట్టించాలి. అద్దెకున్నోళ్ళతో గొడవ పెట్టుకోకండి, వాళ్ళు చేసింది కాదు.

లైటు పూర్తిగా ఆగిపోయింది, ఎర్త్ లైటు లేదు, అంటే మనమే వాడుతున్నాం. ఒక్కో ఎంసీబీ పైకి వేస్తూ లైటు వేగం చూడండి. మన ప్రాంతంలో వేసవిలో నాకు ఎక్కువ దొరికింది మోటారేనండి. కాలువలు కట్టేస్తారు కదా, నేలలో నీళ్ళు కిందకి పోతాయి, ఫిల్టర్ పాయింటు అందుకోలేక గాలి లాగుతుంది. దానికి తోడు ఫుట్‌వాల్వు, అంటే గొట్టంలో నీళ్ళు వెనక్కి పోకుండా ఆపేది, కారుతుంటే వేసిన ప్రతిసారీ నీళ్ళు పోసి పట్టించాలి. ఒక హార్స్‌పవర్ మోటారు గంటకి సుమారు యూనిట్ కాలుస్తుంది. ఇరవై అయిదు నిమిషాల్లో నిండే ట్యాంకు గంటంపావు పడితే రోజుకి యాభై నిమిషాలు అదనం, నెలకి పాతిక యూనిట్లు. 6 రూపాయల శ్లాబులో ఉన్నోళ్ళకి అది 150 రూపాయలు, వాల్వు బాగుచేయిస్తే పోతుంది. లంకల్లో లైను చివరనున్న ఇళ్ళకి వోల్టేజి పడిపోయినప్పుడు మోటారు ఆంప్స్ ఎక్కువ లాగి వేడెక్కుతుంది, వైండింగు కూడా కాలిపోతుంది, ఆ టైములో వెయ్యకుండా తెల్లవారుజామున వేసుకోండి. ఫ్రిజ్జు తలుపు రబ్బరులో పది రూపాయల నోటు పెట్టి మూయండి, తేలిగ్గా జారొచ్చేస్తే రబ్బరు పోయినట్టే, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 చిల్లర. గీజరు 2000 వాట్లు, గంట ఆన్‌లో ఉంటే రెండు యూనిట్లు, సంక్రాంతికి హైదరాబాద్ నుంచి పిల్లలందరూ వచ్చి వెళ్ళాక ఫిబ్రవరిలో వచ్చే బిల్లుకి కారణం వెతకక్కర్లేదు, అది సంతోషంగా కట్టేయండి.

ఇవన్నీ చూశాక కూడా మీటరు మీదే అనుమానముంటే టెస్టుకి రాసివ్వండి. ఇళ్ళ మీటరుకి తప్పు ఒక శాతం దాటకూడదు, ఫీజు కడితే పరీక్ష చేస్తారు. ముందు మీరే ఒక చిన్న పరీక్ష చెయ్యొచ్చు, అన్నీ ఆపి వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే వెయ్యండి, 3200 మీటరు నిమిషానికి యాభై మూడు సార్లు వెలగాలి, వేడెక్కాక ఇస్త్రీపెట్టె ఆగిపోతుంది కనక మొదటి నిమిషంలోనే లెక్కపెట్టాలి. వోల్టేజిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, కానీ తొంభైయో వందో వస్తే అప్పుడు అనుమానించండి. సీలు మాత్రం ముట్టుకోవద్దు ఎవ్వరూ, దాన్ని కదిపితే దొంగతనం కేసవుతుంది.

(ఒకావిడ: ఫిర్యాదు ఇస్తే బిల్లు కట్టాలా అండి? కట్టకపోతే ఫ్యూజు పీకేస్తామంటున్నారు.)

కట్టడం ఆపొద్దమ్మా. 2003 విద్యుత్ చట్టంలో 56వ సెక్షన్ ఉంది, పదిహేను రోజుల నోటీసు ఇవ్వకుండా తియ్యకూడదు. బిల్లు మీద వివాదం ఉంటే, అడిగిన మొత్తమో, గత ఆరు నెలల సగటో, ఏది తక్కువైతే అది, అభ్యంతరంతో కడుతున్నాను అని కాగితం మీద రాసి కడితే, వివాదం తేలేదాకా కనెక్షన్ తియ్యడానికి లేదు. ఆ కాగితం రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. ముందు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, సెక్షన్ ఆఫీసులో ఏఈ గారికి, అంటే అసిస్టెంట్ ఇంజనీరుకి, రాసివ్వండి, అక్కడ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. లాయరు అక్కర్లేదు, మీ రీడింగుల పుస్తకం, ఫోటోలు ఉంటే చాలు.

(ఆవిడే: నా బిల్లు తెచ్చాను, ఒకసారి చూడండి.)

ఇలా ఇవ్వమ్మా. 248 యూనిట్లు. తేదీలు... పన్నెండో తారీకు నుంచి పదకొండో తారీకు, సరిగ్గానే ఉంది, నెలే. పోయిన నెల 121. మోటారు స్టార్టర్ ఎక్కడుంది మీకు? దొడ్లోనా. దొడ్లోకి వైరు భూమిలోంచా, దండెం మీదుగానా? భూమిలోంచి. సరే, రేపటిదాకా ఆగొద్దు, ఇవాళ ఇంటికెళ్ళగానే ఆ లైను ఫ్యూజు తీసెయ్యమని మీ అబ్బాయికి చెప్పు, తీసేముందు మెయిన్ ఆపమను, చెప్పులు వేసుకోమను. ఈ రెండు రోజులు నీళ్ళు పక్కింట్లో పట్టుకోండి. పొద్దున్న ఆరింటికి మీటరు అంకె రాయి, ఎల్లుండి ఆరింటికి మళ్ళీ రాయి, ఆ రెండంకెలూ పట్టుకుని మా ఇంటికి రా అమ్మా. పిల్లల్ని మాత్రం ఈలోపు ఆ దొడ్లోకి పంపకు.